మంచులో ఇరుక్కున్న ఓడ.. 70 రోజుల చీకటి.. మంట వెలుగుతో వైద్యం చేసిన డాక్టర్ కథ!

ప్రపంచం ఆయన్ను అబద్ధాలకోరు అంది. జైల్లో కూడా పెట్టింది. కానీ డిప్రెషన్‌కు వెలుతురుతో వైద్యం గురించి చరిత్ర రాసేవాళ్లు మాత్రం ఆయన పేరు తలుచుకుంటారు. ఆయనే అమెరికన్ డాక్టర్ ఫ్రెడరిక్ కుక్.

1865లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు కుక్. చిన్నప్పుడే తండ్రి పోయారు. పాల వ్యాపారం చేసుకుంటూ మెడిసిన్ చదివారు. 1890లో పట్టా చేతికొచ్చింది. అదే ఏడాది పురిటి కష్టంలో భార్య, బిడ్డ ఇద్దరూ దక్కలేదు. మరుసటి ఏడాదే రాబర్ట్ పియరీ బృందానికి డాక్టర్‌గా గ్రీన్‌లాండ్ వెళ్లిపోయారు. సూర్యుడు కనిపించని నెలల్లో అక్కడి ఇన్యూట్ జనం ఎలా నీరసపడిపోతారో దగ్గరుండి చూశారు. ఆ అనుభవమే తర్వాత అక్కరకొచ్చింది.

1897లో బెల్జికా అనే ఓడ అంటార్కిటికాకు బయల్దేరింది. దాని డాక్టర్ కుక్. తర్వాత దక్షిణ ధ్రువాన్ని అందరికంటే ముందు చేరిన అముండ్‌సెన్ కూడా అందులోనే ఉన్నారు. 1898 మార్చికల్లా ఓడ మంచులో బిగుసుకుపోయింది. మే 17న సూర్యుడు అస్తమించాడు. మళ్లీ కనిపించడానికి సుమారు 70 రోజులు పట్టింది!

ఆ చీకట్లో ఒక్కొక్కరూ కుదేలయ్యారు. నిద్ర లేదు, తిండి సహించదు, ఎవరికీ ఎవరితోనూ మాట్లాడాలని లేదు. జూన్ 5న ఎమిల్ డాంకో చనిపోయారు. ఒక నావికుడికి పూర్తిగా మతి తప్పింది. కెప్టెన్, కమాండర్ వీలునామాలు రాసుకునేదాకా వెళ్లింది పరిస్థితి.

మందులు పనిచేయవని కుక్‌కు అర్థమైంది. లోపించింది వెలుతురేనని ఆయన నమ్మకం. నీరసించిన వాళ్లను రోజుకో గంట మండుతున్న పొయ్యి ఎదుట, ఒంటిమీద బట్టల్లేకుండా నిలబెట్టారు. తాజా సీల్, పెంగ్విన్ మాంసం తినాల్సిందేనన్నారు. రుచి ఘోరంగా ఉందని కమాండర్ చాన్నాళ్లు ముట్టలేదు. తిన్నవాళ్లు మెల్లగా తేరుకున్నారు. చివరికి కమాండర్ కూడా దారికొచ్చారు.

నిజం చెప్పుకోవాలంటే, పొయ్యి వెలుగు చాలా తక్కువ. ప్రాణాలు కాపాడింది ప్రధానంగా మాంసమే, ఎందుకంటే అందరికీ విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ ఉంది. కానీ చీకటికీ మనసుకీ ఉన్న లింకును కుక్ సరిగ్గానే పట్టుకున్నారు. 1899లో మంచును రంపాలతో, పేలుడు పదార్థాలతో కోసి కాలువ చేసి బయటపడ్డారు.

ఆ లింకును సైన్స్ సీరియస్‌గా తీసుకోవడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ బృందం చలికాలపు డిప్రెషన్‌ను వర్ణించి, ప్రకాశవంతమైన లైట్‌తో చికిత్స చేసింది. ఆ పేషెంట్లలో ఎక్కువమంది బైపోలార్ బాధితులే. 2017లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ డాక్టర్లు బైపోలార్ డిప్రెషన్ ఉన్న 46 మందిపై పరీక్ష చేశారు. మధ్యాహ్నం పూట 7000 లక్స్ లైట్ ముందు కూర్చున్నవాళ్లలో 68 శాతం మంది కోలుకున్నారు. మసక లైట్ పెట్టినవాళ్లలో ఆ సంఖ్య 22 శాతమే. మధ్యాహ్నమే ఎందుకంటే.. అంతకుముందు ఉదయం పూట లైట్ ఇచ్చినప్పుడు కొందరిలో డిప్రెషన్, ఉద్రేకం రెండూ కలిసిపోయాయి. అందుకే డాక్టర్ చెప్పకుండా, మూడ్ స్టెబిలైజర్ మందులు ఆపేసి లైట్ బాక్స్ కొనుక్కుంటే ప్రమాదమే.

ఇవేవీ చూడకుండానే కుక్ పోయారు. మెకిన్లీ శిఖరం ఎక్కానన్నారు, అది తప్పని తేలింది. 1908లో ఉత్తర ధ్రువం చేరానన్నారు, రుజువులు చూపలేకపోయారు. పియరీతో పెద్ద గొడవే జరిగింది. 1923లో చమురు షేర్ల మోసం కేసులో 14 ఏళ్ల 9 నెలల జైలుశిక్ష పడింది. లోకమంతా మొహం తిప్పుకున్న రోజుల్లో, 1926లో లెవెన్‌వర్త్ జైలుకెళ్లి కుక్‌ను చూసొచ్చింది అముండ్‌సెన్. ఆ మంచులో తమను బతికించిన మనిషిని ఆయన మర్చిపోలేదు. 1930లో పెరోల్‌పై బయటికొచ్చిన కుక్‌కు 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ క్షమాభిక్ష ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 5న కుక్ కన్నుమూశారు.