సయ్యద్ అబ్దుల్ రహీం

మైదానంలో గోలు చేసినవాని పేరు లోకమంతా మారుమోగుతుంది. అతనిని తీర్చిదిద్దిన గురువు మాత్రం గీతకు ఆవలే నిలిచిపోతాడు. అట్టి గురువులలో అగ్రగణ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి, వ్యాయామవిద్యలోనూ శిక్షణ పొందారు. 1943 నుండి జీవితాంతం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. సంఘాన్ని నడపడం, ఆటగాళ్ళను తయారుచేయడం ఆయన దృష్టిలో వేరువేరు పనులు కావు. రెండు కాళ్ళకూ సమానమైన నైపుణ్యం అలవడాలని, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టారు. బంతిని తమవద్దే ఉంచుకొనక సహచరులకు అందించడం నేర్పేందుకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు జరిపారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

రహీం శిక్షకత్వంలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. కాని మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఘోరంగా ఓడింది. నాడు మనవారిలో పెక్కుమంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ పరాభవం రహీంకు పాఠమైంది. ఆటతీరును మార్చి జట్టును పునర్నిర్మించారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను క్యాన్సరు పీడిస్తున్నది. అయినా శిష్యులను విడువలేదు. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో నిలిపారు. ఫైనల్‌లో అతడు గోలు చేయగా, భారత్ దక్షిణ కొరియాపై 2-1తో విజయం సాధించింది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరల స్వర్ణం దక్కలేదు. ఒక గురువు లేని లోటు ఎంతటిదో తెలియడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.