ఫినియస్ గేజి చరిత్రము

లోకమున ప్రసిద్ధి కెక్కినవారిలో పలువురు విద్యచేతనో, శౌర్యముచేతనో, దానముచేతనో పేరు గడించిరి. ఫినియస్ గేజి అట్లు కాదు. తనకు తగిలిన ఒక్క గాయముచేతనే అతడు దేశదేశముల పేరెన్నిక గన్నాడు. వైద్యశాస్త్రమును గాని మనశ్శాస్త్రమును గాని చదివినవారిలో ఇతని పేరు విననివారు అరుదు. అయితే ఆ గాయపు దినమును ఎఱిగినంతగా, ఆ పిమ్మట అతడు బ్రదికిన పదునొకండు సంవత్సరములకు పైబడిన కాలమును లోక మెఱుగదు. మేమన్ననో ఆ కాలమే అతని చరిత్రమున ముఖ్యభాగమని తలంచుచున్నాము. మెదడునకు దెబ్బ తగిలి బ్రదికినవాడు మరల పదిమందిలో నొకడుగా ఎట్లు నిలువగలడో ఆ భాగమే తెలుపుచున్నది. కావున విద్యార్థులకును వారి తలిదండ్రులకును దానిని కొంత విపులముగా చెప్పదలచితిమి.

గేజి అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున 1823వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులకు కలిగిన ఐదుగురు బిడ్డలలో ఇతడే పెద్దవాడు. చదువను వ్రాయను నేర్చినవాడు, దేహబలము గలవాడు, పనియందు ఉత్సాహమును, లెక్కయందు తెలివియు, తలపెట్టిన కార్యమును తుదముట్టించు పట్టుదలయు గలవాడు. ఇరువదియైదేండ్ల ప్రాయమునకే రైలుమార్గము వేయు కూలీల గుంపునకు మేస్త్రీ యయ్యెను. అతనిని నియమించిన గుత్తదారులు తమ మేస్త్రీలలో ఇంతటి సమర్థుడు లేడని మెచ్చుకొనుచుండిరి.

అతని పని కొండరాళ్లను పగులగొట్టుట. రాతిలో లోతైన రంధ్రము తొలిచి, అందులో తుపాకిమందు పోసి, వత్తి యమర్చి, పైన ఇసుక వేసి, ఇనుపకడ్డీతో దట్టింపవలెను. ఇసుక అడ్డముండుటచే నిప్పురవ్వ పుట్టినను మందునకు అంటదు. గేజి తన కొఱకై కమ్మరిచేత ప్రత్యేకముగా ఒక కడ్డీ చేయించుకొనెను. దాని పొడవు 3 అడుగుల 7 అంగుళములు. మందము అంగుళమున్నర్ధమునకు కొంచెము తక్కువ. బరువు 13 పౌనులకు పైన. ఒక కొన సన్నగా చెక్కబడి మొనదేలి యుండెను.

1848వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీ సాయంకాలము సుమారు నాలుగున్నర గంటలకు, వెర్మాంటు రాష్ట్రములోని కావెండిషు గ్రామసమీపమున పని జరుగుచుండెను. గేజి తన వెనుకనున్న కూలీల వైపు తల త్రిప్పిన క్షణమున కడ్డీ రాతికి తగిలి నిప్పురవ్వ లేచెను. రంధ్రములో మందు పోయబడినది గాని ఇసుక పడలేదు. మందు ప్రేలెను. కడ్డీ పైకెగసి, గేజి ఎడమచెంప క్రింద ప్రవేశించి, ఎడమకంటి వెనుకగా మెదడు ముందుభాగమును చీల్చుకొని, నడినెత్తి చీలి వెలికి దూసికొనిపోయి, సుమారు 80 అడుగుల దూరమున పడెను.

చూచినవారందరు అతడు మరణించెననియే యనుకొనిరి. కాని కొలది నిమిషములలో అతడు మాటలాడెను. ఒకరి చేయూతతో నడిచెను. ఎద్దుబండిలో నిటారుగా కూర్చుండి తాను బసచేయు పూటకూళ్ల యింటికి ముప్పాతిక మైలు ప్రయాణము చేసెను. నాటి సాయంకాలమే హార్లో అను యువవైద్యుడు వచ్చి చికిత్స ఆరంభించెను. రెండు వారములలో గాయము చీముపట్టి రోగి స్మృతి తప్పెను. స్నేహితులు శవపేటికను, కట్టవలసిన వస్త్రములను సిద్ధపరచిరి. హార్లో ధైర్యము విడువక చీమును కోసి తీసి, రేయింబవళ్లు కనిపెట్టి చూచెను. అక్టోబరు మొదటివారము గడచునప్పటికి గేజి మంచము దిగి ఒక అడుగు వేయగలిగెను. పది వారములకు తన తలిదండ్రుల యింటికి చేరెను. ఎడమకంటి చూపు మాత్రము మరల రాలేదు.

ఇంతవరకు పుస్తకములన్నియు చెప్పును. గేజి ఎదుట నిలిచిన కష్టము ఇక్కడనే ఆరంభమయ్యెను.

1849వ సంవత్సరము ఏప్రిలు నెలలో అతడు కావెండిషునకు మరలి వచ్చి తన పూర్వోద్యోగమును కోరెను. గుత్తదారు లీయలేదు. ఏలయన అతని బుద్ధి మారియుండెను. పూర్వము నెమ్మది గలవాడు ఇప్పుడు చీటికి మాటికి కోపించుచుండెను. నోట దుర్భాష వెడలుచుండెను. పెద్దల హెచ్చరిక తన కిష్టము కాని యెడల సహింపకుండెను. ఒక పని తలపెట్టి, అది సాగకమునుపే విడిచి, మరియొకటి తలపెట్టుచుండెను. ఎఱిగిన స్నేహితులకు అతనిలో తమ పాత స్నేహితుడు కనబడడయ్యెను. మెదడు ముందుభాగము మన కోరికలకు పగ్గమువంటిది. ముందుచూపును, నిగ్రహమును, ఒక పని వెంట మరియొక పనిని వరుసగా జరుపు నేర్పును దాని నాశ్రయించి యుండును. అది చీలినవాని దోషములను దుర్గుణములుగా ఎంచుట, కాలు విఱిగినవానిని సోమరి యనుటవంటిది. కాని ఆ కాలమున ఈ సంగతి ఎవరికిని స్పష్టముగా తెలియదు.

ఆ యేడు నవంబరులో హార్వర్డు శస్త్రవైద్యాచార్యుడు బిగెలో అతనిని బోస్టను నగరమునకు రప్పించి వైద్యసభలో చూపించెను. పిమ్మట అతడు తన కడ్డీని చేతబట్టుకొని న్యూఇంగ్లండులోని పట్టణములు తిరిగెను. న్యూయార్కులో బార్నమను వాని వింతల ప్రదర్శనశాలలోను కొంతకాలము నిలిచెను. జనులు రుసుము చెల్లించి అతని తలమీది మచ్చను చూచి ఆశ్చర్యపడి పోవుచుండిరి. చదువరులు దీనిని కొంచెము ఆలోచింపవలెను. చుట్టును జనము మూగియున్నంత మాత్రమున మనుష్యుడు సంఘములో ఉన్నట్లు కాదు. వారు అతని గాయమును చూచిరి; అతనితో వారి కేమియు పని లేదు. జనుల నడుమ నుండియు అతడు ఒంటరివాడే.

అతని దశ మారుట 1851వ సంవత్సరమున. హానోవరు అను ఊరిలో బాడుగబండ్లు, గుఱ్ఱములు నడుపు శాలలో అతనికి పని దొరకెను. అక్కడ సుమారు ఒకటిన్నర సంవత్సరము పనిచేసెను.  గాయము తగిలిన పిమ్మట గుఱ్ఱములమీద, కుక్కలమీద, చిన్నపిల్లలమీద అతనికి గొప్ప మక్కువ కలిగెనని అతని తల్లి తరువాత హార్లోకు తెలిపినది. గుఱ్ఱము మనుష్యుని పూర్వచరిత్ర నడుగదు. వేళకు దాణా పెట్టి, మాలీసు చేసి, నెమ్మదిగా చేయి వేయువానిని నమ్మును.

1852వ సంవత్సరము ఆగస్టు నెలలో అతడు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు ఓడనెక్కెను. అచ్చటి వాల్పరైసో రేవున ప్రయాణికుల బండ్లు నడుప నుద్దేశించిన యొకడు అతనిని తోడుకొని పోయెను. అప్పటినుండి సుమారు ఏడేండ్లు గేజి ఆ దేశమున బండి తోలెను. వాల్పరైసో మొదలు సాంటియాగో నగరము వరకు సుమారు 100 మైళ్ల కొండదారి. తరచుగా ఆరు గుఱ్ఱముల బండి. నిండ జనము, సామానును.

ఈ పని యెట్టిదో తెలిసికొనిన గాని గేజి సాధించిన దేమో తెలియదు. తెల్లవారక మునుపే లేవవలెను. గుఱ్ఱములకు మేతపెట్టి, తుడిచి, బండికి పూన్చవలెను. ప్రయాణికుల బాడుగ పుచ్చుకొనవలెను. వారి మూటలను సరిగా కట్టవలెను. వారితో మర్యాదగా మెలగవలెను. ఆ మాటలు పరాయిభాషవి, స్పానిషువి. దారిని బయలుదేఱిన పిమ్మట ఆరు గుఱ్ఱముల పగ్గములను వ్రేళ్లసందుల వేరువేరుగ పట్టి, ఏ గుఱ్ఱమును ఎప్పుడు బిగియబట్టవలెనో, ఎప్పుడు సడలింపవలెనో ముందుగానే ఊహింపవలెను. మలుపులలో ఎదురుబండ్లను కనిపెట్టవలెను. ఇదంతయు ఒక్క కన్నుతో చేయవలెను. ముందుచూపును నిగ్రహమును కోల్పోయెనని లోకము చెప్పిన మనుష్యుడు సరిగా ఆ రెంటిచేతనే జరుగు పనిని ఏండ్లకొలది చేసెను.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? గేజి చరిత్రమును శ్రద్ధతో పరిశోధించిన మాల్కం మాక్మిలన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఒక సమాధానము సూచించెను. అతని పనిలో ప్రతిదినమునకు ఒకటే క్రమము. ఏది ముందు, ఏది వెనుక అనునది బండియు, గుఱ్ఱమును, గడియారమును నిర్ణయించుచుండెను. లోపల తెగిపోయిన క్రమమును బయటి క్రమము నిలువబెట్టెను. దినదినము అదే అభ్యాసము చేయగా పోయిన మర్యాదయు ఓర్పును కొంత మరలి వచ్చెను. చిలీలో గేజిని బాగుగ నెఱిగిన ఒక వైద్యుడు అతని బుద్ధికి లోపమేమియు కనబడలేదని చెప్పిన సాక్ష్యము కూడ మన కాలమున వెలికి వచ్చినది. మెదడునకు దెబ్బ తగిలినవారికి నేడు శిక్షణ నిచ్చువారు నిర్ణీతమైన దినచర్యను, చిన్నచిన్న మెట్లుగా విభజింపబడిన పనిని, ప్రక్కన నిలిచి నేర్పు మనిషిని ముఖ్యముగా ఎంచుట ఈ కారణముచేతనే.

మేము మరియొకటి చేర్చుచున్నాము. ప్రదర్శనశాలలో జనులు గేజి ఎదుట నిలిచి అతనిని చూచిరి. చిలీలో జనులు అతని వెనుక కూర్చుండి తమ ప్రాణములను అతని చేతుల కప్పగించిరి. మొదటిది జాలి, వేడుక, రెండవది నమ్మకము. ఈ రెంటికి నడుమ ఉన్న భేదమే అతని జీవితమును నిలిపినదని మా తలంపు.

1859వ సంవత్సరమున అతని ఆరోగ్యము క్షీణించెను. తల్లియు చెల్లెలును కాలిఫోర్నియాలోని సాన్‌ఫ్రాన్సిస్కోలో నుండగా వారి కడకు ఓడలో చేరెను. చిక్కి శల్యమై వచ్చినవాడు వారి పరిచర్యచే కోలుకొని, ఊరకుండనొల్లక, సాంటాక్లారాలో ఒక రైతు కడ పనిలో చేరెను. 1860వ సంవత్సరము ఫిబ్రవరిలో మూర్ఛలు ఆరంభమయ్యెను. అటుపై ఏ పనియందును కుదురుగా నిలువలేకపోయెను. ఆ యేడు మే 21వ తేదీన, ఎడతెగని మూర్ఛలలో, తల్లి యింట మరణించెను. అప్పటి కతనికి 36 ఏండ్లు. ఆ కడ్డీ తుదివరకు అతనితోనే యుండెను.

హార్లో తన రోగిని మఱవలేదు. కొన్ని యేండ్ల పిమ్మట మరణవార్త విని కుటుంబమునకు వ్రాయగా, వారు శాస్త్రోపకారమునకై కపాలము నిచ్చుటకు సమ్మతించిరి. ఆ కపాలమును కడ్డీయు హార్వర్డు వైద్యవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నవి. 1868వ సంవత్సరమున హార్లో ప్రకటించిన వ్యాసమే గేజినిగూర్చి మనకు గల ముఖ్యాధారము.

ఆ తరువాత వ్రాసినవారు కొందరు ఆధారము లేకయే కథను పెంచిరి. గేజి త్రాగుబోతయ్యెననియు, పనిపాటులు లేక తిరుగుచు గడపెననియు పాఠ్యపుస్తకములకు సైతము ఎక్కినది. ఆ బండిని, ఆ ఆరు గుఱ్ఱములను, ఆ ఏడేండ్లను వారు విడిచిపెట్టిరి. 2009వ సంవత్సరమున గేజి ఛాయాచిత్రమొకటి లోకమునకు తెలియవచ్చెను. అందులో ఒక కన్ను మూసికొన్న అందగాడైన యువకుడు, మంచి దుస్తులు ధరించి, కడ్డీని చేతబట్టి, తలయెత్తి కూర్చుండియున్నాడు. కథలలోని భ్రష్టుడు ఆ చిత్రమున కానరాడు.

విద్యార్థులారా, ఇట్టివారు మన యిండ్లలోను గలరు. మోటారుసైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలినవారు, తాటిచెట్టు మీదినుండి పడినవారు, మెదడులో రక్తనాళము చిట్లి బ్రదికి బయటపడినవారు ఆసుపత్రినుండి యింటికి వత్తురు. నడచుచున్నారు, తినుచున్నారు, ఇక బాగైనదని మనము తలంతుము. పిమ్మట వారు కోపించిన యెడల, మఱచిన యెడల, చేసిన పనినే మరల చేసిన యెడల, మారిపోయిరని విసుగుకొని అరుగుమీద కూర్చుండబెట్టుదుము. పెండ్లికి పిలువము, అంగడికి పంపము, వారి యెదుటనే వారినిగూర్చి పరులతో మాటలాడుదుము. అది ప్రదర్శనశాలకు తక్కువ కాదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. అట్టి మామయ్యకో, అన్నకో, ప్రతిదినము ఒకే వేళకు ఒకే పని అప్పగింపుడు. పాలు తెచ్చుట కానిండు, పశువులకు మేత వేయుట కానిండు, అంగడిలో సరకులు సర్దుట కానిండు. మొదట ప్రక్కన నిలువుడు. తప్పినచో మరల చూపుడు. కుదిరిన పిమ్మట వెనుకకు తగ్గుడు. అన్ని గాయములు ఒక్కటి కావు. అందరును ఆరు గుఱ్ఱముల బండి తోలలేరు. కాని ఎవరో ఒకరు పగ్గము చేతికీయకున్న యెడల, ఎంతమట్టుకు తోలగలరో ఎన్నటికిని తెలియదు. హానోవరు గుఱ్ఱపుశాలలో గేజికి ఆ యవకాశము దొరకినది. మన యూళ్లలో దాని నిచ్చుట మన చేతిలోనే యున్నది.