మన్యం విల్లు: అల్లూరి సీతారామరాజు గారి జీవితం, సాధన

సొసైటీ వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు ఎప్పటిలాగే పిల్లల చదువుల మీద రాద్దామనుకున్నాను. కాని మా పిల్లలే నా చేత విషయం మార్పించారు. మొన్న వేసవి సెలవుల్లో మన మొహల్లా కుర్రాళ్ళు నలుగురైదుగురు వెదురు బద్దలతో విల్లులు చేసుకుని, బడి వెనక గోడకేసి బాణాలు విసురుతూ కనిపించారు. అరగంట గడవకుండానే రెండు విల్లులు విరిగాయి. ఒకడికి నారి తగిలి ముంజేయి కమిలింది. మర్నాటికి ఆట మానేశారు. కనుక్కుంటే, సినిమాలో సీతారామరాజు గారు వేసినట్టు వేద్దామనుకున్నారట. రంపచోడవరంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఆ మహానుభావుడు సినిమా ద్వారానే తెలియడం నాకు కష్టంగా తోచింది. ఆయన తిరిగిన నేల మీదే మనం రోజూ తిరుగుతున్నాం కదా. అందుకని ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయన దళం చేసిన సాధనను నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

సీతారామరాజు గారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మ గారి ఊళ్ళో పుట్టారు. సొంత ఊరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు గారు ఫోటోగ్రాఫరు, రాజమండ్రిలో ఆ వృత్తి చేసుకునేవారు. 1908లో గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి ఆయన పోయారు. పిల్లవాడికి అప్పటికి పదకొండేళ్ళు. తల్లి సూర్యనారాయణమ్మ గారు పిల్లల్ని వెంటబెట్టుకుని బంధువుల అండన ఊరూరా గడపవలసి వచ్చింది. పినతండ్రి రామకృష్ణంరాజు గారు నరసాపురంలో తహశీల్దారు కాబట్టి కొంత కాలం అక్కడి టైలర్ హైస్కూల్లో చదువు సాగింది. ఆ చదువు నిలకడగా సాగలేదు. పంతులుగా నాకు ఇలాంటి పిల్లలు బాగా తెలుసు. హాజరు పట్టీలో వాళ్ళ పేరుకు ఎదురుగా సున్నాలే ఉంటాయి. కాని గుర్రం దగ్గరికో, చెట్టు మందుల దగ్గరికో వదిలితే పొద్దు గూకేదాకా విసుగు లేకుండా నేర్చుకుంటారు. ఆయన గుర్రపు స్వారీ నేర్చారు, జ్యోతిషం, వైద్యం నేర్చారు. 1916లో ఉత్తరాది యాత్ర చేశారు. 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేటకు వచ్చి అక్కడే నిలిచారు.

ఆనాటి మన్యం స్థితి మన పెద్దలకు కొంత తెలిసిందే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు అడ్డు, కట్టెకు అడ్డు, పశువుల మేతకు అడ్డు. అంతకు ముందే, 1879లో, మన పక్కనున్న రంప ప్రాంతంలో కల్లు మీద పన్ను మూలంగా పెద్ద పితూరీ లేచింది. దాన్ని సర్కారు అణచివేసింది గాని కారణాలు మాత్రం పోలేదు. 1920 దాటాక గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ హయాంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేయించారు. ఆ పనిలో గిరిజనులకు కూలి సరిగ్గా ఇవ్వక, కొట్టి చాకిరీ చేయించుకున్నారు. మొర పెట్టుకుంటే వినే దిక్కు లేదు. అలాంటి జనం దగ్గరికి రాజు గారు ముందు సాధువుగా, వైద్యుడుగా వెళ్ళారు. కల్లు మానమని, తగాదాలు కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తీర్చుకోమని చెప్పారు. అది సహాయ నిరాకరణ కాలం కనుక సర్కారుకు అనుమానం కలిగింది. 1922 మొదట్లో ఆయనను పిలిపించి విచారించారు, నిఘా పెట్టారు.

ఇక్కడ మన సంచిక పాఠకులు తెలుసుకోదగిన ఒక పేరు ఉంది. అప్పట్లో పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ గారు. సర్కారు ఉద్యోగి అయి ఉండి కూడా ఆయన రాజు గారి మీద సానుభూతి చూపి, పైడిపుట్టలో భూమి ఇప్పించి, కుటుంబంతో అక్కడ ఉండే ఏర్పాటు చేశారు. వారిద్దరి దారులు వేరు. ఖాన్ గారు సర్కారు ఉప్పు తిన్న మనిషి, రాజు గారు సర్కారునే కాదన్న మనిషి. అయినా ఒకరి మంచితనాన్ని ఒకరు గుర్తించారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి కనిపించదు, అందుకే ఇక్కడ రాశాను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు మూడు దాడులు జరిగాయి. రాజు గారి వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు, మరెందరో మన్యం వీరులు ఉన్నారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరను విడిపించారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు చిక్కాయి.

చదువరులు ఈ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మా ఐదో తరగతి పిల్లలు కూడా చేయగల భాగహారమే ఇది. 2,500ని 26తో భాగిస్తే తుపాకీకి తొంభై ఆరు తూటాలు వస్తాయి. పోరాటం 1924 మే దాకా, అంటే ఇరవై నెలల పైన నడిచింది. ఆ చొప్పున తుపాకీకి నెలకు ఐదు తూటాలైనా లేవు. తర్వాత అక్కడా ఇక్కడా ఇంకొన్ని చిక్కాయనుకున్నా, సాధన కోసం కాల్చి పారేసుకునే తాహతు ఆ దళానికి లేదు. మరి గురి ఎక్కడిది? నా ఉద్దేశంలో అది విల్లు ఇచ్చిన గురి. మన్యం మనిషికి విల్లు చిన్నప్పటి నుంచీ చేతిలోదే. రాజు గారు వాళ్ళ విల్లు తాను పట్టడం నేర్చుకున్నారని, వాళ్ళకు దళంగా కదిలే తరిఫీదు తాను ఇచ్చారని చెబుతారు. అంటే ఉస్తాదూ ఆయనే, షాగిర్దూ ఆయనే అన్నమాట.

ఉర్దూలో మష్క్ అని ఒక మాట ఉంది. మా చిన్నప్పుడు తఖ్తీ మీద కలంతో ఒకే అక్షరాన్ని, అలిఫ్ అనుకోండి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రాయించేవారు. అది మష్క్. తీరందాజీకి, అంటే విలువిద్యకు, చేసే సాధనను కూడా మష్క్ అనే అంటాం. అక్షరం కుదరడానికీ బాణం కుదరడానికీ పద్ధతి ఒకటే అని నాకు ఒక కొండరెడ్డి పెద్దాయన దగ్గర తెలిసింది. కొన్నేళ్ళ కింద సరదాకొద్దీ నాకూ నేర్పు తాతా అని అడిగాను. మొదటి రోజు నాకు బాణమే ఇవ్వలేదు. తేలికపాటి విల్లు చేతికిచ్చి, నారి లాగి, మెల్లగా వెనక్కి తీసుకురమ్మన్నారు. ఉత్త నారి వదిలేస్తే విల్లు పగులుతుందని గట్టిగా చెప్పారు. మా కుర్రాళ్ళ రెండు విల్లుల్లో ఒకటి అందుకే పోయింది. రెండో రోజు గడ్డిమోపు ముందు ఐదడుగుల దూరంలో నిలబెట్టారు. ఇంత దగ్గరైతే ఎవడైనా కొడతాడు కదా అని నవ్వాను. నవ్వినందుకు వారం రోజులు అక్కడే ఉంచారు. దగ్గర ఉన్నప్పుడు గురి గొడవ ఉండదు కాబట్టి నిలబడే తీరు, మోచేయి, ఊపిరి మీదే మనసు పెట్టవచ్చునని ఆ వారం చివరికి గాని నాకు బోధపడలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఈ పద్ధతి ఒక్క మన కొండలది కాదని తెలిసింది. తురుష్కులు కొత్తవాడికి కెపాజే అనే మెత్తని విల్లు ఇచ్చి, బాణం లేకుండా వేలసార్లు లాగించాక గాని అసలు విల్లు ముట్టనిచ్చేవారు కారట. జపానులో మకివర అనే గడ్డిమోపు పెట్టి రెండు బారల లోపు నుంచే వేయిస్తారు. ఇంగ్లండులో 1363లో ఎడ్వర్డు రాజు సెలవు రోజుల్లో మగవాళ్ళంతా ఇతర ఆటలు మాని విల్లే సాధన చేయాలని శాసించాడు. మన దీనులో విలువిద్యకున్న గౌరవం, నేర్చి వదిలేయడం మంచిది కాదన్న హెచ్చరిక పెద్దలకు తెలిసిందే. ఇస్లాం కోసం మొదటి బాణం వేసిన హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి.) గారి పేరు తెలియని ఇల్లు మనలో ఉండదు.

పెద్దాయన దగ్గర నేర్చుకున్న మిగతాది కూడా చెప్పేస్తాను, కుర్రాళ్ళకు పనికొస్తుంది. రోజూ వెయ్యాలి, కాని కొద్దిగా వెయ్యాలి. ఇరవై, ముప్ఫై బాణాలు చాలు. చెయ్యి వణికితే అక్కడితో ఆపాలి, ఎందుకంటే అలసిన చెయ్యి తప్పునే అలవాటు చేసుకుంటుంది. ఒక్కొక్క బాణానికీ నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి, ఆ నడకలో ఎందుకు తప్పిందో ఆలోచన వస్తుంది. ఐదడుగుల్లో చెయ్యి కుదిరాక పది, ఆ తర్వాత ఇరవై. దూరం పెరిగాక గురి చెదిరితే పట్టుదలకు పోకుండా మళ్ళీ మోపు దగ్గరికి రావాలి. మోపు వెనక మనిషి గాని పశువు గాని రాని చోటే ఎంచుకోవాలి, బడి గోడ పనికిరాదు. పని అయ్యాక నారి దించి విల్లును నీడన పెట్టాలి. నాకు పదిహేను అడుగులు దాటలేదు. కళ్ళద్దాలు అడ్డం, వయసూ అడ్డం. ఆ వారాలు మాత్రం వృథా పోలేదు.

అరకు, పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు విల్లులు పట్టుకుని వేటకు పోయేవారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసేవారట. ఏడాది పొడుగునా సాధన చెయ్యని వాడికి అంతకంటే పరీక్ష ఏముంటుంది! 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది, పండుగలో ఆ భాగం ఆచారానికే మిగిలింది.

వేటగాడికి విల్లు నేర్పేది ముఖ్యంగా ఓపిక. బాణం అందే దూరం తక్కువ కాబట్టి మృగం దగ్గరికి వచ్చేదాకా కదలకూడదు, వేస్తే ఒక్కటే వెయ్యాలి. దామనపల్లి కనుమలో జరిగింది అదే. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డు, హైటర్ అనే ఇద్దరు దొరలు బలగంతో కనుమ ఎక్కుతుంటే, రాజు గారి దళం ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, దొరలిద్దరినే కొట్టింది. కొట్టింది తుపాకులతోనే. కాని అంతసేపు పొదల్లో బిగబట్టి కూర్చోవడం తుపాకీ పట్టిన నెలరోజుల్లో వచ్చే విద్య కాదు. ఈ మాట చరిత్రకారులందరూ ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు, నా అభిప్రాయం మాత్రం ఇది.

అక్టోబరు 15న ముందుగా కబురు పెట్టి మరీ అడ్డతీగల స్టేషన్‌కు వెళ్ళారు. 19న మన రంపచోడవరం వచ్చారు. అప్పటికే పోలీసులు జాగ్రత్తపడి ఆయుధాలు తరలించేశారు. జనం మాత్రం ఆయనను చూడడానికి తరలివచ్చారు. ఇలా వచ్చే ముందు బాణానికి మిరపకాయలు కట్టి కబురు పంపేవారని, దాన్ని మిరపకాయ టపా అనేవారని మన వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత రోజులు కష్టమైనవి. మలబారు పోలీసులు దిగారు. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర, ఆ రాత్రే లింగాపురం దగ్గర దళానికి పెద్ద దెబ్బలు తగిలాయి. 1923 ఏప్రిల్ 17న రాజు గారు అన్నవరంలో కనిపించి అందరినీ ఆశ్చర్యపరిచారు గాని, దళం తరిగిపోతూనే ఉంది. ఆ సెప్టెంబరులో మల్లు దొర చిక్కాడు. 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చాయి, రూథర్‌ఫర్డు స్పెషల్ కమిషనరుగా వచ్చాడు. రాజు గారి తల మీద పదివేల రూపాయల బహుమానం. దళానికి తిండి అందకుండా ఊళ్ళకు ఊళ్ళనే కట్టడి చేశారు, అన్నం పెట్టారన్న అనుమానం వస్తే చావబాదారు. ఎంత మష్క్ చేసిన చెయ్యి అయినా మూడు రోజుల ఆకలితో విల్లు లాగలేదు. అంతకంటే, తన మూలంగా ఊళ్ళు పడుతున్న బాధ ఆయన చూడలేకపోయారని చెబుతారు.

1924 మే 7న మంప దగ్గర ఆయనను పట్టుకున్నారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఎదుట నిలబెట్టి, విచారణ అన్నది లేకుండా చెట్టుకు కట్టి కాల్చేశారు. పారిపోబోతే కాల్చామని సర్కారు రాసుకుంది. ఆయనకు ఇంకా ఇరవై ఏడేళ్ళు నిండలేదు. దహనం కృష్ణదేవిపేటలో జరిగింది, సమాధి అక్కడే ఉంది. 1986లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. 2022లో కొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

గంటం దొర ఆ జూన్‌లోనే పోరాడుతూ పోయాడు. మల్లు దొరకు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని ద్వీపాంతరంగా మార్చి అండమాను పంపారు. ఆయన బతికి తిరిగొచ్చారు. స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, ఢిల్లీ వెళ్ళి సభ్యుడిగా కూర్చున్నారు.