డొనాల్డ్ రోబ్లింగు

న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన జగత్ప్రసిద్ధము. దానికి రూపకల్పన చేసిన జాన్ రోబ్లింగు 1869లో ధనుర్వాతముచే మరణించెను. కుమారుడు వాషింగ్టను నీటియడుగు పునాదుల పనిలో వ్యాధిగ్రస్తుడు కాగా, ఆయన భార్య ఎమిలీ భర్త సూచనలను పనివారికి అందించుచు నిర్మాణమును సాగించెను. ఆ దంపతుల మనుమడే మన కథానాయకుడు. డొనాల్డ్ 1908లో జన్మించెను. స్థూలకాయుడు, సంపన్నుడు, పొట్టకూటికై చేయవలసిన పని యేదియు ఆయనకు లేదు. ఫ్లారిడా రాష్ట్రమున క్లియర్‌వాటరు పట్టణమున భవనము కట్టుకొని నివసించెను.

1928లో ఫ్లారిడాను తాకిన తుపానులో ఓకిచోబీ సరస్సు పొంగి రమారమి 2,500 మంది మృతిచెందిరి. తుపాను వెలిసిన పిదప కలుగు చిక్కును మన పాఠకులలో కొందరు కన్నులార చూచియే యుందురు. పడవ నడచుటకు నీరు చాలదు. బండి నడచుటకు నేల గట్టిది కాదు. అట్టి చోటికి పోయి మనుష్యులను రక్షించు బండి నొకదానిని నిర్మింపుమని తండ్రి డొనాల్డును ప్రోత్సహించెను.

1935లో తొలిబండి సిద్ధమైనది. తేలికదనమునకై దానిని అల్యూమినియముతో చేసిరి. చక్రములకు బదులు ఇరుప్రక్కల గొలుసుపట్టాలు, వాటిపై తెడ్లవంటి రేకులు అమర్చిరి. నేలపై బురదను పట్టుకొనునవియు, నీటిలో తెడ్లవలె నెట్టునవియు ఆ రేకులే. నేలపై గంటకు 40 కిలోమీటర్లు పోయిన ఆ బండి నీటిలో 4 కిలోమీటర్లయినను పోజాలకపోయెను. నడచువాడు దానికంటె ముందుండును! డొనాల్డ్ నిరాశపడలేదు. రేకులను ఏటవాలుగా అమర్చెను, పొడవు తగ్గించెను, 6,500 కిలోల బరువును 4,000 కిలోల లోపునకు దించెను. 1937 నాటికి నీటిలో వేగము 14 కిలోమీటర్లకు చేరెను. మొసలిజాతికి చెందిన ఆలిగేటరు పేరే దానికి పెట్టిరి.

ఆ యేడే లైఫ్ పత్రికలో వచ్చిన ఛాయాచిత్రములు అమెరికా నౌకాదళాధికారుల కంటబడెను. 1939లో ఐరోపాలో యుద్ధము ఆరంభమైన పిమ్మట సైన్యమునకు తగిన నమూనాను చేయుటకు డొనాల్డ్ అంగీకరించెను. ఉక్కుతో చేసిన బండ్లు 1941 జూలైలో కర్మాగారమునుండి వెలువడ నారంభించెను.

1943 నవంబరు 20న పసిఫిక్ సముద్రమందలి తరావా దీవి కడ పోటు తగినంత రాలేదు. పడవలు పగడపుదిబ్బలపై నిలిచిపోగా, వానిలోని సైనికులు గుండ్లవర్షములో నీటిలో నడచి ఒడ్డు చేరవలసి వచ్చెను. దిబ్బలపైకి ప్రాకి దాటినవి ఈ బండ్లు మాత్రమే. వాటి రేకు పలుచన. అందుచే వచ్చిన 125లో చాలభాగము ధ్వంసమైనవి. మూడు దినములలో సుమారు వేయిమంది అమెరికనులు, నాలుగువేలకు మించి జపానువారు నేలకొరిగిరి. యుద్ధాంతమునకు ఈ జాతి బండ్లు 18,000 దాటెను.

డొనాల్డును యుద్ధయంత్ర నిర్మాతగా మాత్రమే స్మరించుట మాకు న్యాయముగా తోచదు. సైన్యము చూడకమునుపు నాలుగేండ్లు ఆయన తలచినది వరదలో చిక్కినవారిని గూర్చియే. 1959లో, ఏబదియేండ్ల ప్రాయమున, ఆయన పరమపదించెను.