ఇంటి వద్ద సేవకు దారి చూపిన నైటింగేల్

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మనకు గుర్తొచ్చేది క్రిమియా యుద్ధం, చేతిలో దీపం. స్కూలు పాఠం అంతటితో ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె చేసిన పని గురించి మన వయసువాళ్లం తెలుసుకోవడం చాలా అవసరమని నా అభిప్రాయం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఇంగ్లీషు కుటుంబంలో పుట్టారు. నర్సు పని పరువు తక్కువని ఇంట్లోవారు వారించినా వినలేదు. 1854లో 38 మంది నర్సులతో స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లారు. 1856లో తిరిగివచ్చాక ఆరోగ్యం దెబ్బతిని ఏళ్ల తరబడి ఎక్కువగా గదికే పరిమితమయ్యారు. అక్కడినుంచే ఉత్తరాలు, నివేదికలు రాస్తూ పనులు నడిపించారు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట వసూలైన నిధితో నర్సుల శిక్షణాలయం ప్రారంభమైంది.

లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్ భార్య 1859లో కన్నుమూశారు. ఆమెకు సేవచేసిన నర్సు మేరీ రాబిన్సన్‌ను ఆయన బీదల ఇళ్లకు పంపించారు. ఫలితం బాగుంది గాని, శిక్షణ పొందిన నర్సులు మరి దొరకలేదు. 1861లో ఆయన నైటింగేల్ సలహా కోరారు. ఆ ఊరి ఆసుపత్రిలోనే నర్సులను తయారుచేసుకోమని ఆమె సూచించారు. శిక్షణాలయం ఏర్పడింది. ఊరిని 18 భాగాలు చేసి నర్సులను నియమించారు.

ఇళ్లకు వెళ్లే నర్సు పక్కన డాక్టరు ఉండడు. కాబట్టి ఆమెకు ఆసుపత్రి నర్సుకన్నా ఎక్కువ శిక్షణ కావాలని నైటింగేల్ పట్టుబట్టారు. డబ్బు, బట్టలు పంచడం నర్సు పని కాదు. రోగితోపాటు గదిని శుభ్రంగా, గాలి వెలుతురు వచ్చేలా ఉంచాలి. అది ఇంటివారికీ నేర్పాలి.

ఆ మాటల విలువ నాకు అనుభవంమీద తెలిసింది. మా ఆవిడ పక్షవాతంతో మంచం పట్టినప్పుడు నలుగురు ఆయాలు మారారు. జీతమిస్తే మనిషి దొరికేది. పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం తెలిసిన మనిషి మాత్రం దొరకలేదు. కొత్త ఆయా వచ్చినప్పుడల్లా మందుల వేళలు, ఆహారం సంగతి మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చేది.

1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ నిధితో ఇళ్లకు వెళ్లే నర్సుల సంస్థ దేశమంతటికీ ఏర్పడింది. చివరి సంవత్సరాల్లో చూపు పోయిన నైటింగేల్ 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన సంఘానికి నా మనవి మూడు విషయాలు. ఇళ్లలో పనిచేసే ఆయాలకు అనుభవమున్న నర్సులచేత శిక్షణ ఇప్పించాలి. నెలకోసారైనా ఒక నర్సు వెళ్లి సేవ ఎలా ఉందో చూసిరావాలి. ప్రతి మంచం దగ్గరా ఒక నోటుపుస్తకం ఉండాలి. మన పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. ఈ పని మనం కాక ఇంకెవరు మొదలుపెడతారు?