కొనలేనిది చేసుకున్నాడు - విలియం హెర్షెల్ జీవితం

యురేనస్ గ్రహాన్ని విలియం హెర్షెల్ కనుగొన్నాడని మేమందరం సైన్సు పాఠంలో చదువుకున్నాం. ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా రాసి మరచిపోయాం. పరాయి దేశంలో బతుకుతూ, టెలిస్కోపు కొనే స్తోమత లేక ఆయన ఏం చేశాడో తెలిశాక మాత్రం ఆ పేరు మరచిపోలేకపోయాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో తోటి విద్యార్థుల కోసం, పూర్వ విద్యార్థుల కోసం ఆయన జీవితాన్ని క్లుప్తంగా రాస్తున్నాం.

హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హనోవర్‌లో జన్మించాడు. తండ్రి ఐజాక్ సైనిక బ్యాండులో ఓబో అనే సన్నాయి వంటి వాద్యం వాయించేవాడు. పిల్లలు ఎక్కువ, జీతం తక్కువ. హెర్షెల్ 14 ఏళ్లకే తండ్రి ఉన్న బ్యాండులో చేరాడు. 1757లో ఫ్రెంచి సేనల చేతిలో హనోవర్ పక్షం ఓడిపోయాక ఇంగ్లండుకు వలస వెళ్లాడు. లండనులో సంగీతపు కాగితాలకు నకళ్లు రాసి పొట్ట పోసుకున్నాడు. తర్వాత 1766లో బాత్ పట్టణంలోని ఒక ప్రార్థనా మందిరంలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం దొరికింది. మిగిలిన సమయంలో ఇళ్లకు వెళ్లి సంగీతం నేర్పేవాడు.

హనోవర్‌లో ఆయన చెల్లెలు కెరొలిన్ ఇంటి చాకిరీలో మగ్గిపోతోంది. ఆమె లేకపోతే పని ఎవరు చేస్తారని తల్లి పంపడానికి ఒప్పుకోలేదు. పనిమనిషిని పెట్టుకోవడానికి తల్లికి ఏటా డబ్బు ఏర్పాటు చేసి, 1772లో హెర్షెల్ చెల్లెలిని తన వెంట తీసుకువచ్చాడు.

సంగీత శాస్త్రం చదువుతూ చదువుతూ ఆయన కాంతి శాస్త్రంలోకి, అక్కడి నుంచి ఖగోళ శాస్త్రంలోకి వెళ్లాడు. 1773లో ఆకాశాన్ని తన కళ్లతో చూడాలన్న కోరిక బలపడింది. మొదట కటకాలు కొన్నాడు. కెరొలిన్ అట్టతో పొడవాటి గొట్టం చేసింది. అది వంగిపోతే రేకు గొట్టం పెట్టారు. అంత పొడవు గొట్టాన్ని చుక్కల వైపు తిప్పి నిలపడమే కష్టమైంది. అప్పుడు అద్దంతో పనిచేసే ఒక చిన్న టెలిస్కోపును అద్దెకు తెచ్చుకున్నాడు. అది వాడి చూశాకే తనకు ఏం కావాలో తెలిసింది. ఇంకా పెద్ద అద్దం ధర ఎంతో చెప్పమని లండనుకు ఉత్తరం రాశాడు. అంత పెద్దది సిద్ధంగా లేదని, చేయించాలంటే చాలా ఖర్చవుతుందని జవాబు వచ్చింది.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. హెర్షెల్ ఆగలేదు. అదే ఊళ్లో సరదాగా అద్దాలు సానబట్టే ఒకాయన ఆ పని మానేస్తున్నాడని తెలిసి, ఆయన పనిముట్లను, సగం తయారైన అద్దాలను కొన్నాడు. ఆ రోజుల్లో టెలిస్కోపు అద్దాలను రాగి, తగరం కలిపిన లోహంతో పోతపోసేవారు. ఆ బిళ్లను సరైన వంపు వచ్చేదాకా చేత్తో రుద్దాలి. పోతపోసినవి ఎన్నో పాడయ్యాయి. మెరుగుపెట్టేటప్పుడు మధ్యలో చేయి తీయకూడదు. ఒకసారి 16 గంటలు ఆపకుండా రుద్దాడు. కెరొలిన్ పక్కన కూర్చొని అన్నకు తిండి నోట్లో పెట్టేది, పుస్తకం చదివి వినిపించేది. ఇల్లంతా కార్ఖానా అయిపోయింది. 1774 మార్చిలో సొంత టెలిస్కోపుతో ఓరియన్ నెబ్యులాను చూశాడు.

1781 మార్చి 13 రాత్రి, న్యూ కింగ్ వీధిలోని తన ఇంటి పెరటి నుంచి చూస్తుండగా చుక్కల మధ్య చిన్న బిళ్లలాంటిది కనిపించింది. మొదట తోకచుక్క అనుకున్నాడు. దాని దారిని లెక్కగట్టిన పండితులు అది శని గ్రహానికి ఆవల తిరిగే కొత్త గ్రహమని తేల్చారు. దాన్ని చూపించిన టెలిస్కోపు పొడవు 7 అడుగులు, అద్దం వెడల్పు 6 అంగుళాల కంటే కొంచెం ఎక్కువ. అంతే.

అదే ఏడాది ఆగస్టులో 3 అడుగుల అద్దం పోతపోయబోతే కొలిమి పగిలి, కరిగిన లోహం నేల మీద పారింది. గచ్చు రాళ్లు పేలి ఎగిరాయి. పనివాళ్లతో పాటు హెర్షెల్ కూడా ప్రాణభయంతో పరుగెత్తాడు. ఆ తర్వాత కూడా ఆయన పని మానలేదు. 1782లో మూడవ జార్జి రాజు ఏటా 200 పౌండ్ల జీతం ఇవ్వడంతో సంగీతం పాఠాలు వదిలి పూర్తిగా ఆకాశానికే అంకితమయ్యాడు. 1789లో 40 అడుగుల టెలిస్కోపు పూర్తిచేశాడు. అది చూడటానికి ఘనంగా ఉన్నా వాడటం కష్టం. ఎక్కువ పరిశీలనలు చిన్నవాటితోనే సాగాయి. 1800లో కంటికి కనిపించని పరారుణ కిరణాలను కూడా కనుగొన్నాడు.

కెరొలిన్ గురించి రాయకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. రాత్రంతా అన్న చెప్పే అంకెలు రాసుకోవడం, పగలు లెక్కలు కట్టడం ఆమె పని. తానుగా 8 తోకచుక్కలను కనుగొన్నది. 1787 నుంచి రాజు ఆమెకు ఏటా 50 పౌండ్లు ఇచ్చాడు. హెర్షెల్ 1822 ఆగస్టు 25న, 84వ ఏట కన్నుమూశాడు. యురేనస్ సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టేది కూడా 84 ఏళ్లే. కెరొలిన్ 1848 వరకు జీవించింది.

కష్టపడితే అన్నీ దొరుకుతాయని మేము చెప్పడం లేదు. హెర్షెల్‌కు ఉద్యోగం ఉంది, తోడు చెల్లెలు ఉంది. కానీ ఆయన మొదలుపెట్టిన తీరు మనకూ చేతనవుతుంది. ముందు పుస్తకం చదివాడు, తర్వాత అద్దెకు తెచ్చి చూశాడు, ధర అడిగాడు, కొనలేనని తెలిశాక నేర్చుకున్నాడు. చలికాలం రాత్రి హాస్టలు మేడ ఎక్కి చూడండి. వరుసగా ఉండే మూడు చుక్కలకు కొంచెం దిగువన సన్నని మసక మరక ఒకటి కనిపిస్తుంది. హెర్షెల్ తన చేత్తో చేసిన అద్దంలో చూసినది దాన్నే. దాన్ని చూడటానికి మనకు ఇప్పుడు కళ్లు చాలు.