స్లైడ్ మీద లేని పేరు

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ రివ్యూ జరిగింది. చిన్న రాకెట్ ఎంత ఎత్తుకి వెళ్తుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ మాది. టీమ్‌లో నలుగురం. నిజం చెప్పాలంటే కోడ్‌లో ముప్పావు వంతు రాసింది మాతో ఉన్న అమ్మాయి. రాత్రి రెండు గంటలప్పుడు కూడా కూర్చుని ఎర్రర్లు సరిచేసింది. నేను చేసింది స్లైడ్లు. కానీ రివ్యూలో నిలబడి మాట్లాడింది నేను, చివర్లో మెచ్చుకోలు అందుకున్నదీ నేనే. కోడ్ ఎవరు రాశారని సార్ అడిగితే అందరం కలిసి రాశామని చెప్పేశాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే మన క్లబ్ మీటింగ్‌లో ఈ సంచికకి ఒక జీవిత కథ రాయమన్నారు. ఎవరి గురించి రాయాలో తెలియక తిరుగుతుంటే సీనియర్ అక్క ఒకరు డొరొతీ వాన్ పేరు చెప్పారు. నాసా నల్లజాతి మహిళల మీద వచ్చిన సినిమా హాస్టల్‌లో చూశాను కాబట్టి ఆవిడ గురించి నాకు తెలుసులే అనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది.

డొరొతీ 1910 సెప్టెంబర్ 20న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కాన్సాస్ సిటీలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం వెస్ట్ వర్జీనియాకి వచ్చేసింది. చదువులో ఎప్పుడూ ముందే. 15 ఏళ్లు నిండకముందే హైస్కూల్ పూర్తిచేసి, స్కాలర్‌షిప్ మీద ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో చేరారు. 1929లో, 19 ఏళ్లకల్లా గణితంలో డిగ్రీ చేతికొచ్చింది. హోవార్డ్ యూనివర్సిటీలో పై చదువులు చదవమని ప్రొఫెసర్లు ప్రోత్సహించారు. కానీ అదే ఏడాది అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలైంది. ఇంటికి ఆసరాగా నిలబడాలి. చదువు పక్కన పెట్టి టీచర్ ఉద్యోగంలో చేరారు. ఈ కథ మన ఇళ్లలోనూ ఉన్నదే. మా అమ్మమ్మ కాలంలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎంతమందో.

1932లో హోవార్డ్ వాన్‌తో పెళ్లయింది. వర్జీనియాలోని ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో నల్లజాతి పిల్లల హైస్కూల్లో లెక్కల టీచరమ్మగా పనిచేస్తూ సంసారం నెట్టుకొచ్చారు. జీతం చాలక 1943 వేసవి సెలవుల్లో సైనిక శిబిరం లాండ్రీలో బట్టల పనికి వెళ్లారు. గణితంలో డిగ్రీ ఉన్న మనిషి ఆవిడ!

రెండో ప్రపంచ యుద్ధం అప్పటికి ముదిరింది. విమానాల మీద పరిశోధన చేసే లాంగ్లీ ప్రయోగశాలకి లెక్కలు చేసేవాళ్లు కావాలి. మగవాళ్లు చాలామంది యుద్ధానికి వెళ్లిపోయారు. రక్షణ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్ష చూపకూడదని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941లోనే ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. అలా తలుపు కొంచెం తెరుచుకుంది. 1943 డిసెంబర్‌లో డొరొతీ హాంప్టన్ ఊళ్లోని లాంగ్లీలో చేరారు. పిల్లల్ని ఫార్మ్‌విల్‌లో అత్తగారింట్లో వదిలి వచ్చారు. టీచర్ జీతానికి ఇది రెట్టింపుకన్నా ఎక్కువ. యుద్ధం అయిపోతే ఈ ఉద్యోగమూ అయిపోతుందని ఆవిడ అనుకున్నారు. కానీ 28 ఏళ్లు అక్కడే పనిచేశారు.

అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. లెక్కలు చేయడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. లాంగ్లీలో 1935లో ఐదుగురు ఆడవాళ్లతో ఈ విభాగం మొదలైంది. ఆ తర్వాత నల్లజాతి ఆడవాళ్లని తీసుకున్నారు గానీ, వాళ్లని వేరే గదిలో కూర్చోబెట్టారు. దాని పేరు వెస్ట్ ఏరియా కంప్యూటింగ్. తెల్లవాళ్లది ఈస్ట్. లెక్కలు ఒకటే, కాలిక్యులేటర్ యంత్రాలు ఒకటే, బాత్‌రూమ్‌లు మాత్రం వేరు. క్యాంటీన్‌లో కూడా వాళ్ల టేబుల్ మీద విడిగా ఒక బోర్డు పెట్టేవాళ్లు. మిరియం మాన్ అనే ఉద్యోగిని ఆ బోర్డు తీసి పర్సులో వేసుకుని వెళ్లిపోయేవారట. మళ్లీ పెడితే మళ్లీ తీసేవారు. కొన్నాళ్లకి పెట్టడమే మానేశారు.

ఇక్కడ ఒక విషయం మన ఇంజనీరింగ్ వాళ్లకి బాగా అర్థమవుతుంది. విండ్ టన్నెల్ ప్రయోగం అయ్యాక కుప్పలుగా రీడింగులు వస్తాయి. ఇంజనీరు ఒక సమీకరణం ఇస్తాడు. దాన్ని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, పెద్ద షీట్ మీద నిలువు వరసలుగా రాయాలి. మొదటి వరసని రెండోదానితో గుణించి మూడో వరసలో రాయి, దాని వర్గమూలం నాలుగో వరసలో రాయి... ఇలా. ఆ షీట్ పట్టుకుని ఒక్కొక్కరూ యంత్రం మీద మీటలు నొక్కుతూ నింపుకుంటూ పోతారు. ఇది చదివినప్పుడు నాకనిపించింది, ఇదే కదా ప్రోగ్రామ్ అంటే! నడిపించే యంత్రం రాకముందే ఈ ఆడవాళ్లు ప్రోగ్రామింగ్ చేస్తున్నారు. కాకపోతే దానికి అప్పుడు ఆ పేరు లేదు, ఆ గౌరవమూ లేదు. గుమాస్తా పనిలా చూసేవాళ్లు. రిపోర్ట్ అచ్చయ్యేటప్పుడు ఇంజనీరు పేరు ఉండేది, లెక్కలు చేసినవాళ్ల పేరు చాలాసార్లు ఉండేది కాదు. చాకిరీ ఒకరిది, పేరు ఇంకొకరిది.

1949లో వెస్ట్ విభాగం బాధ్యత డొరొతీ చేతికి వచ్చింది. అయితే తాత్కాలిక అధిపతిగానే. పూర్తి స్థాయి పదవి ఇవ్వడానికి 1951 దాకా పట్టింది. ఆ సంస్థలో మొదటి నల్లజాతి సూపర్‌వైజర్ ఆవిడే. కష్టమైన లెక్క వస్తే ఇంజనీర్లు ఆవిడే స్వయంగా చేయాలని అడిగేవాళ్లు. ఏ పనికి ఎవరు సరిపోతారో ఆవిడ చెబితే దానికి విలువ ఉండేది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పదవిలో ఆవిడ చేసిన పని. తన కింద పనిచేసేవాళ్లకి జీతం పెరగాలని, ప్రమోషన్ రావాలని పైవాళ్లతో వాదించేవారు. అవతలి విభాగాల్లోని తెల్లజాతి అమ్మాయిలకి అన్యాయం జరిగినా వాళ్ల తరఫునా మాట్లాడేవారు. వేరు గది, వేరు టేబుల్ ఇచ్చిన చోట ఆ పని చేయడానికి ఎంత పెద్ద మనసు ఉండాలి! వెరా హకెల్, సారా బుల్లక్ అనే తెల్లజాతి సహోద్యోగినులతో కలిసి కాలిక్యులేటర్ యంత్రాల మీద బీజగణిత పద్ధతులు ఎలా చేయాలో ఒక హ్యాండ్‌బుక్ కూడా తయారుచేశారు.

1953లో కేథరిన్ జాన్సన్ అనే కొత్త అమ్మాయి ఈ విభాగంలో చేరింది. రెండు వారాలకే డొరొతీ ఆమెని ఫ్లైట్ రీసెర్చ్ విభాగానికి పంపారు. నెలలు గడిచినా అక్కడ ఆమెని పర్మనెంట్ చేయలేదు. డొరొతీ వెళ్లి, జీతం పెంచి ఉంచుకోండి, లేకపోతే నా దగ్గరికి పంపేయండి అని తేల్చి చెప్పారు. వాళ్లు ఉంచుకున్నారు. 1960లో ఆ విభాగంలో ఒక రిపోర్ట్ మీద రచయితగా మొదటిసారి ఒక మహిళ పేరు అచ్చయింది. ఆ పేరు కేథరిన్‌దే. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి ముందు యంత్రం ఇచ్చిన లెక్కని చేత్తో సరిచూసిందీ కేథరినే. లాంగ్లీలో నల్లజాతి మహిళల్లో మొదటి ఇంజనీరు అయిన మేరీ జాక్సన్ కూడా 1951లో డొరొతీ విభాగంలోనే చేరారు.

1958లో రోజులు మారాయి. వెస్ట్ కంప్యూటింగ్‌ని మూసేశారు. అక్టోబర్ 1న పాత సంస్థ నాసాగా మారింది. వేరు గదులు పోయాయి, అది మంచిదే. కానీ ఆ గదితో పాటు డొరొతీ పదవి కూడా పోయింది. పైగా ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చి మనుషుల లెక్కల్ని మింగేస్తున్నాయి. అప్పటికి ఆవిడకి 48 ఏళ్లు. మనలో ఎవరైనా అయితే ఇంక చాల్లే అనుకుంటాం. ఆవిడ మాత్రం ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు.

ఫోర్ట్రాన్ అంటే సూత్రాన్ని యంత్రానికి అర్థమయ్యేలా తర్జుమా చేసే భాష. 1957లో ఐబీఎమ్ విడుదల చేసింది. ఒక్కో కార్డుకి 80 నిలువు వరసలు, వాక్యం ఏడో వరస నుంచి మొదలవ్వాలి, ఒక్క కన్నం తప్పు పడితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సూత్రాన్ని అంచెలుగా విడగొట్టడం ఆవిడకి పదిహేనేళ్ల అలవాటు. ఇప్పుడు షీట్ బదులు కార్డు, అంతే. తను నేర్చుకోవడమే కాదు, తోటి ఆడవాళ్లకీ నేర్పారు. యంత్రం వస్తే ఉద్యోగాలు పోతాయని కూర్చోకుండా ఆ యంత్రాన్ని నడిపేది మనమే కావాలనుకున్నారు. ఏఐ వచ్చేస్తోందని రోజూ భయపడే మన బ్యాచ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

కొత్త విభాగంలో ఆవిడ స్కౌట్ రాకెట్ పనిలో పాలుపంచుకున్నారు. స్కౌట్ అంటే నాలుగు అంచెల ఘన ఇంధన రాకెట్. చిన్న ఉపగ్రహాల్ని కక్ష్యలో పెట్టడానికి తయారుచేశారు. 1960లో మొదలై 1994 దాకా వందకి పైగా ప్రయోగాలు జరిగాయి. ఇక్కడ మనకొక చిన్న చుట్టరికం ఉంది. అబ్దుల్ కలాం గారు 1963లో నాసాకి శిక్షణకి వెళ్లినప్పుడు మొదట అడుగుపెట్టింది ఈ లాంగ్లీలోనే. డొరొతీ అప్పుడు అక్కడే పనిచేస్తున్నారు. తర్వాత కలాం గారి నాయకత్వంలో 1980 జూలై 18న మన శ్రీహరికోట నుంచి రోహిణిని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 కూడా నాలుగు అంచెల ఘన ఇంధన రాకెట్టే.

అంత చేసినా డొరొతీకి మళ్లీ సూపర్‌వైజర్ పదవి దక్కలేదు. అడిగారు, ఇవ్వలేదు. మామూలు ప్రోగ్రామర్‌గానే 1971లో రిటైరయ్యారు. 2008 నవంబర్ 10న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మార్గో లీ షెటర్లీ పుస్తకం, దాని మీద సినిమా వచ్చింది 2016లో. ప్రపంచమంతా ఆవిడ పేరు తెలుసుకునేసరికి ఆవిడ పోయి ఎనిమిదేళ్లు. 2019లో అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించింది. 2024లో హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో ఒక భవనానికి అపోలో మహిళల గౌరవార్థం ఆవిడ పేరు పెట్టారు.

ఒక మాట చెప్పాలి. సినిమాలో 1961లో కూడా ఆవిడ సూపర్‌వైజర్ పదవి కోసం తిరుగుతున్నట్టు ఉంటుంది. అసలు జరిగింది వేరు. అప్పటికి పదేళ్ల ముందే ఆ పదవి సాధించారు, 1961 నాటికి పోగొట్టుకుని కూడా ఉన్నారు. నాకైతే అసలు కథే ఎక్కువ బాధ పెట్టింది. రానిదాని కోసం పోరాడటం ఒక రకం. వచ్చింది పోయాక, మళ్లీ విద్యార్థిలా కూర్చుని మొదటి పాఠం నుంచి నేర్చుకోవడం ఇంకో రకం.

పేరు ఇవ్వడంలో న్యాయం అంటే ఎవరో ఒకర్ని ఆకాశానికెత్తడం కాదని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. తన ఎత్తు కాగితాల పక్కన నిలబడ్డ మార్గరెట్ హామిల్టన్ ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. చంద్రుడి మీదకి వెళ్లిన కోడ్ అంతా ఆవిడ ఒక్కరే రాశారని కింద రాస్తారు. అది వందలమంది చేసిన పని, ఆ సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపించింది ఆవిడ. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆవిడ గొప్పతనం తగ్గదు. ఒకరినే దేవతని చేస్తే మిగతావాళ్లు మళ్లీ చీకట్లోకే పోతారు. క్లీవ్‌ల్యాండ్‌లో సెంటార్ రాకెట్‌కి కోడ్ రాసిన యానీ ఈస్లీ పేరు మనలో ఎంతమంది విన్నాం? గొడార్డ్ సెంటర్‌లో ఉపగ్రహాల దారి లెక్కగట్టే బృందాన్ని నడిపిన మెల్బా రాయ్ పేరు? డొరొతీ అయితే ముందు వీళ్ల జీతాల గురించి అడిగి ఉండేవారని నా నమ్మకం.

ఇదంతా రాస్తూ నా రివ్యూ సంగతి దాచలేకపోయాను. ఈ వ్యాసం మొదటి పేరా రాశాక ముందు ఆ అమ్మాయికే పంపి, సారీ చెప్పాను. సార్ దగ్గరికి కూడా వెళ్లి కోడ్ ఎవరు రాశారో చెప్పాను. ఫైనల్ రివ్యూకి మొదటి స్లైడ్ మార్చాం. నలుగురి పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఎవరు ఏం చేశారో ఒక్కో లైను. కోడ్ గురించి తనే మాట్లాడింది, నాకంటే బాగా మాట్లాడింది. నా పేరు ఎదురుగా స్లైడ్లు, టెస్టింగ్ అని ఉంది. టెస్టింగ్ అని ఊరికే రాయనివ్వలేదు లెండి. అది నిజం కావాలంటే చేసి చూపించమని వారం రోజులు నా చేత చేయించింది.